లద్దాఖ్ కంటే ముందు ఏటిగట్టు

(అమలాపురంలో బండి ప్రయాణాల మీద ఆసక్తి ఉన్న యువతీయువకుల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ కల ఏమిటని అడిగితే సగం మంది లద్దాఖ్ అన్నారు. ఇద్దరు ముగ్గురు స్పితి లోయ అన్నారు. ఒకమ్మాయి ఎడారి ర్యాలీలో బండి నడపాలని ఉందంది. చాలా సంతోషం. ఆ వెంటనే అందరూ కలిసి ఇంకో మాట కూడా అన్నారు: "మన కోనసీమలో ఏముందండీ? కొండ లేదు, గుట్ట లేదు, అంతా చదును. ఇక్కడేం నేర్చుకుంటాం?"

ఆ మాట నేను ఒప్పుకోను. అది చెప్పడానికే వచ్చాను. కొండ ఒక్కటి లేదు, నిజమే. కానీ జిగట బురద, మెత్తటి ఇసుక, పారే నీరు, రెండు జానల వెడల్పు గట్టు, తడి చెక్క మీద బండి ఎక్కించడం, ఇవన్నీ మన ఇంటి నుంచి గంట దూరంలో ఉన్నాయి. ఆఫ్‌రోడింగ్ అంటే ఇవే. డబ్బులు కట్టి వీటిని నేర్చుకోవడానికి జనం ఎక్కడెక్కడికో వెళ్తున్నారు.

మీరు రోజూ చూసే మనిషి సంగతే చెబుతాను. టీవీఎస్ ఎక్సెల్ మీద కొబ్బరికాయల బస్తాలు వేసుకుని ఏటిగట్టు మీద వెళ్లే ఆయన. వెనక మూడు బస్తాలు, ముందు కాళ్ల దగ్గర ఒకటి. ఈసారి ఆయన వెళ్తుంటే పక్కకి నిలబడి జాగ్రత్తగా గమనించండి. ముందు చక్రం వైపు అస్సలు చూడడు. ఇరవై ముప్పై గజాల అవతల గట్టు ఎక్కడ కోసుకుపోయిందో చూస్తుంటాడు. భుజాలు వదులుగా ఉంటాయి, హ్యాండిల్‌ని బిగించి పట్టుకోడు. ముందు చక్రం కాస్త అటూ ఇటూ ఆడుతుంటే ఆడనిస్తాడు. తడి చోటు వచ్చినప్పుడు ముందు బ్రేకు ముట్టుకోడు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలడు, ఒక్కసారిగా తిప్పడు. ఒకే తీరున లాగుతాడు.

దేశంలో ఏ ఆఫ్‌రోడ్ శిక్షణకి వెళ్లినా మొదటిరోజు చెప్పేది ఇదే. దూరం చూడు, చేతులు వదులుగా ఉంచు, థ్రాటిల్ (యాక్సిలరేటర్) నిదానంగా తిప్పు, జారే చోట ముందు బ్రేకుతో జాగ్రత్త. ఆయనకి ఎవరూ నేర్పలేదు, ఏటిగట్టు నేర్పింది. మనం దీనికి ఇంకొకటి కలుపుకోవాలి: ఫుట్‌పెగ్గుల (కాళ్లు పెట్టుకునే కడ్డీల) మీద నిలబడి నడపడం. సీటు మీద కూర్చుంటే గుంతలో పడిన ప్రతి దెబ్బ నడుముకి తగులుతుంది, బండి ఎటు ఊగితే మనమూ అటే ఊగుతాం. నిలబడితే మోకాళ్లు కూడా సస్పెన్షన్ పని చేస్తాయి. బండి కింద తన పాటికి తాను ఆడుతుంది, పైన మన శరీరం నిలకడగా ఉంటుంది. మోకాళ్లతో ట్యాంకుని తేలిగ్గా పట్టుకోవాలి, మోచేతులు బయటికి ఉండాలి, నడుము కాస్త ముందుకి వంచాలి. మొదట్లో తొడలు పట్టేస్తాయి. పుంత రోడ్ల (పొలాల మధ్య మట్టిదారుల) మీద ఫస్టు గేర్లో, హాఫ్ క్లచ్ మీద, నడిచే మనిషి వేగంతో సాధన చేయండి. వేగంగా నడపడం ఎవరికైనా వస్తుంది. అంత నెమ్మదిగా కాలు కింద పెట్టకుండా నడపడమే కష్టం, అసలు విద్య అది.

ఇక బురద. మన రేగడి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకి ఇది తెలియదు. సార్వా నాట్ల రోజుల్లో పుంతలోకి బండి దింపారనుకోండి. మొదటి వంద గజాలు బాగానే ఉంటుంది. తర్వాత ముందు చక్రం బరువెక్కినట్టు తెలుస్తుంది. దిగి చూస్తే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందంతా మట్టి కూరుకుపోయి ఉంటుంది. అందులో గడ్డిపోచలు, వరి దుబ్బులు కలిసి, వేలితో తీస్తే రాదు. టైరు మీద గాడులు కనపడవు, అంతా నున్నగా ఉంటుంది. ఇంకో పది గజాలు తోస్తే చక్రం తిరగడం మానేసి స్కీ బద్ద లాగా జారుతుంది. ఇంజిన్ ఎంత రేజ్ చేసినా లాభం ఉండదు, క్లచ్ కాలిన వాసన వస్తుంది. అప్పుడు కొబ్బరి ఈనె పనికిరాదు, విరిగిపోతుంది. ఎండు మట్ట చివర చెక్కి, సందులో పైనుంచి కిందకి గీకాలి. కాస్త నీళ్లు పోస్తే తేలిగ్గా ఊడుతుంది. పక్కన బోదె (చిన్న పంట కాలువ) ఎలాగూ ఉంటుంది.

ఆఫ్‌రోడ్ బండ్లకి ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు పైన, ముక్కులాగా ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమైంది కదా. అది అందం కోసం పెట్టింది కాదు, మట్టి కూరుకోకుండా. టైరు మీద గుబ్బలు దూరం దూరంగా ఉండేది కూడా అందుకే, చక్రం తిరుగుతుంటే మట్టి దానంతట అది విసిరేయబడాలి. మామూలు రోడ్డు టైరుకి గాడులు సన్నగా ఉంటాయి, ఒకసారి నిండితే మళ్లీ ఖాళీ కావు. ఈ సంగతి పుస్తకంలో చదివినవాడికీ, మోకాలి లోతు రేగడిలో నిలబడి మట్టతో గీకినవాడికీ చాలా తేడా ఉంటుంది. రెండోవాడు బండి కొనేటప్పుడు ఏం చూడాలో మర్చిపోడు.

ఇంకో చిన్న సంగతి. తడి నేలలో సైడు స్టాండు వేస్తే నెమ్మదిగా దిగబడి బండి పడిపోతుంది. చపటా రాయి గానీ చెక్క ముక్క గానీ కింద పెట్టాలి. దూరప్రయాణానికి వెళ్లేవాళ్లు దీనికోసం ఒక పలక బ్యాగులో పెట్టుకుంటారు.

ఎడారి అడిగిన అమ్మాయీ, ఇప్పుడు నీ దగ్గరికి వస్తున్నాను. ఎడారి ర్యాలీల్లో పేరున్నది డాకార్ ర్యాలీ, అది 1978 డిసెంబర్‌లో పారిస్‌లో మొదలైంది. ఆఫ్రికాలో జరిగింది, తర్వాత దక్షిణ అమెరికాకి మారింది, 2020 నుంచి సౌదీ అరేబియా ఇసుకలో జరుగుతోంది. 2015లో బెంగళూరు కుర్రాడు సి.ఎస్. సంతోష్ దాన్ని పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యాడు. 2024లో కేరళకి చెందిన హారిత్ నోవా అదే ర్యాలీలో, పై స్థాయి తర్వాతిదైన ర్యాలీ 2 విభాగంలో మొదటి స్థానంలో నిలిచాడు. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య (ఎఫ్ఐఎం) నడిపే బాజా (తక్కువ దూరపు క్రాస్‌కంట్రీ ర్యాలీల) ప్రపంచకప్‌లో మహిళల టైటిల్ గెలిచింది. మోటార్‌స్పోర్ట్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు ఆమే. వీళ్లెవరూ ఎడారిలో పుట్టినవాళ్లు కాదు. కేరళలో మాత్రం ఇసుక దిబ్బలు ఎక్కడున్నాయి?

మనకి సముద్రం ఉంది. అంతర్వేది వైపు గానీ ఓడలరేవు వైపు గానీ వెళ్తే రెండు రకాల ఇసుక కనపడుతుంది. నీటి అంచున తడిసి గట్టిపడింది ఒకటి, పైన సరుగుడు తోటల దగ్గర ఎండి మెత్తగా ఉండేది ఇంకొకటి. మెత్తటి దాంట్లో ముందు చక్రం దిగబడుతుంది. భయపడి థ్రాటిల్ మూస్తే బరువంతా ముందుకి వచ్చి ఇంకా దిగుతుంది. బరువు వెనక్కి జరిపి, థ్రాటిల్ వదలకుండా ఉంటే ముందు చక్రం తేలికై పైకి వస్తుంది. భయం ఆపమంటుంది, ఇసుక ఆపొద్దంటుంది. ఆ రెండింటి మధ్య మన చేతికి అలవాటు చేయడమే సాధన. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే నేల మీద ఆనే భాగం పెరిగి పట్టు దొరుకుతుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి, అందుకని చేతి పంపు ఉండాలి. ఇంటికి రాగానే బండిని మంచినీళ్లతో కడగాలి, చైనుకి నూనె పెట్టాలి. ఉప్పు గాలికి చైను వారంలో ఎర్రబడుతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ అందుకు పేరున్న చోటు. ఆ గుడ్లు ఇసుకలో పూడ్చి ఉంటాయి, మన కంటికి కనపడవు. ఆ రోజుల్లో బీచ్ మీదకి బండి దించొద్దు. వల ఆరబెట్టుకునే చోటికి ఎప్పుడూ వెళ్లొద్దు. చేపలవాళ్ల వల మీద నుంచి చక్రం పోతే వాళ్ల రోజు కూలి పోయినట్టే.

గట్ల సంగతి కూడా అంతే. చేను గట్టు, చెరువు గట్టు మనవి కావు, రైతువి. వానలో తడిసిన గట్టు మీద గుబ్బల టైరు వెళ్తే గాడి పడుతుంది, ఆ గాడిలోంచి నీళ్లు కోసుకుపోతాయి, రెండు రోజుల్లో గండి పడుతుంది. రొయ్యల చెరువుకి గండి పడితే ఎంత నష్టమో భీమవరం వైపు చుట్టాలున్నవాళ్లకి తెలుసు. పుంతలో వెళ్లండి, అది ఊరందరి దారి. గట్టు ఎక్కాలంటే అడిగి ఎక్కండి. మన రైతు అడిగితే కాదనడు, కాఫీ కూడా ఇస్తాడు. ఎవరి నేల మీద నేర్చుకుంటున్నామో వాళ్లని గౌరవించని వాడు లద్దాఖ్ వెళ్లి అక్కడి పచ్చిక మీద కూడా చక్రాల గుర్తులే వేస్తాడు. అక్కడ ఒకసారి గీత పడితే ఏళ్ల తరబడి పోదు.

నీళ్ల గురించి. హిమాలయాల్లో మంచు కరిగి రోడ్డు మీద పారే నీళ్లు దాటడం చూసి అందరికీ ఉత్సాహం వస్తుంది. అక్కడ ఉదయాన్నే దాటాలి, ఎండెక్కే కొద్దీ మంచు కరిగి ప్రవాహం పెరుగుతుంది. ముందు నడిచి చూడాలి, అడుగున రాళ్లెలా ఉన్నాయో తెలుసుకోవాలి. గాలి పీల్చే గొట్టంలోకి నీరు వెళ్తే ఇంజిన్ పాడవుతుంది. మధ్యలో బండి ఆగిపోతే వెంటనే స్టార్టు కొట్టొద్దు. ఇవన్నీ మన కాలువ రేవుల్లో, చిన్న చిన్న చప్టాల మీద నేర్చుకోవచ్చు.

గోదావరి వరదలో మాత్రం ఎప్పుడూ వద్దు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది, 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షలు వచ్చింది. మీ పెద్దవాళ్లని అడగండి, 86 వరద అంటే ఇప్పటికీ లేచి కూర్చుంటారు. మొదటి హెచ్చరిక ఇచ్చారని తెలిస్తే లంకలకి వెళ్లే కాజ్‌వేల దగ్గరికి బండితో పోవద్దు. పైన నీళ్లు మోకాలి కింద ఉన్నట్టే ఉంటాయి, అడుగున కాజ్‌వే ఉందో కోసుకుపోయిందో తెలియదు. పారే నీరు చక్రాన్ని పక్కకి తోస్తుంది, బండి ఎంత బరువైనా నిలవదు. పడవలో వెళ్లండి, లేదా ఇంట్లో ఉండండి.

ఇప్పుడు దూరప్రయాణం. చాలామంది చేసేది ఏమిటంటే, ఊళ్లో కాలేజీకి తప్ప బండి తీయని కుర్రాడు ఒకేసారి లద్దాఖ్ బయల్దేరతాడు. ఇక్కడి నుంచి లే దాకా ఢిల్లీ, మనాలి మీదుగా మూడు వేల కిలోమీటర్లకి దగ్గర. రోజుకి 500 కిలోమీటర్లు పెట్టుకుని హైవే మీదే అలిసిపోతాడు. అసలు కొండలు మొదలయ్యేసరికి నడుము పనిచేయదు.

ముందు ఒక రోజు ప్రయాణం చేయండి. అమలాపురం నుంచి ముక్తేశ్వరం, అక్కడ రేవులో పంటు (బండ్లని కూడా దాటించే పడవ) ఎక్కి గోదావరి పాయ గౌతమి దాటి కోటిపల్లి, ద్రాక్షారామం, యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా ముమ్మిడివరం, తిరిగి ఇంటికి. లేదా రాజోలు, సఖినేటిపల్లి, పంటు మీద వశిష్ట దాటి నరసాపురం, పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి. దూరం తక్కువే. కానీ పంటు ఎక్కించడం ఒక పరీక్ష. రేవు వాలుగా ఉంటుంది, చెక్క తడిగా ఉంటుంది, పంటు అలకి కదులుతుంటుంది. వెనక ఆటో హారన్ కొడుతుంటుంది, పక్కన ఆవిడ గేదెని పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ టెన్షన్‌లో కంగారు పడకుండా ఫస్టు గేర్లో, నిటారుగా, బ్రేకు కొట్టకుండా ఎక్కించడం వస్తే సగం పని అయినట్టే.

తర్వాత మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా వెళ్లాలి. మారేడుమిల్లి దాటి చింతూరు దిగే ఘాట్‌లో మలుపులు నేర్చుకోవచ్చు. దిగేటప్పుడు ఇంజిన్‌ని న్యూట్రల్ చేసి బ్రేకుల మీద వదిలేవాళ్లు ఉన్నారు, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికి కూడా ఆ గేర్లోనే ఉండాలి. ఒక రాత్రి అక్కడ ఉండండి, పొద్దున చలిలో బండి స్టార్టు చేయండి, మీ సామాను ఏది ఎక్కువైందో, ఏది తక్కువైందో అక్కడ తెలిసిపోతుంది.

అప్పుడు లద్దాఖ్. మనం సముద్రమట్టానికి కాస్త పైన పుట్టి పెరిగినవాళ్లం. లే పట్టణమే దాదాపు 11,500 అడుగుల ఎత్తున ఉంది. ఖార్దుంగ్ లా కనుమ దగ్గర ఏళ్ల తరబడి 18,380 అడుగులని బోర్డు ఉండేది. తర్వాతి కొలతల్లో 17,582 అని తేలింది. అంతకంటే ఎత్తున, 19,024 అడుగుల దగ్గర ఉమ్లింగ్ లా రోడ్డు ఉంది, 2021లో గిన్నిస్ రికార్డు వచ్చింది. ఖార్దుంగ్ లా మీద గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో సగం. మనిషికీ సగమే, ఇంజిన్‌కీ సగమే. పాత కార్బురేటర్ బండ్లు అక్కడ పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ తీసుకుని నల్లపొగ వదిలి ఆగిపోయేవి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 (పొగ కాలుష్యం మీద నిబంధనలు) వచ్చాక దాదాపు అన్ని బండ్లూ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి, గాలిని బట్టి పెట్రోలు సర్దుకుంటాయి. బలం మాత్రం తగ్గుతుంది, అది ఏ బండికైనా తప్పదు.

మన ఒంట్లో ఇంజెక్షన్ లేదు, అది సర్దుకోవడానికి రోజులు పడుతుంది. అందుకని నా సలహా ఏమిటంటే వెళ్లేటప్పుడు శ్రీనగర్ వైపు నుంచి వెళ్లండి. కార్గిల్ మీదుగా ఎత్తు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. మనాలి వైపు నుంచి వెళ్తే రెండో రాత్రికే సర్చూలో 14,000 అడుగుల పైన పడుకోవాల్సి రావచ్చు. తిరిగి వచ్చేటప్పుడు మనాలి వైపు దిగండి. లే చేరాక రెండు రోజులు బండి తీయకండి. తలనొప్పి, వాంతులు, నడకలో తూలడం కనపడితే ఇంకా పైకి వెళ్లొద్దు, తగ్గకపోతే కిందకి దిగాలి. మాత్రలు డాక్టర్ని అడిగాకే.

పెట్రోలు లెక్క ఒకటి వేసుకుందాం. మనాలి నుంచి అటల్ టన్నెల్ దాటాక లాహౌల్‌లో తాండి అనే చోట బంకు ఉంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని అక్కడి బోర్డు దేశమంతా తెలుసు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 ట్యాంకు 17 లీటర్లు, హీరో ఎక్స్‌పల్స్ 200 ట్యాంకు 13 లీటర్లు. ఎక్స్‌పల్స్ లీటరుకి 35 ఇస్తుందనుకున్నా 450 కిలోమీటర్లు. మన స్ప్లెండర్‌లో పట్టేది పది లీటర్ల లోపే, కానీ 60 లెక్కన వేసుకోండి, 550 దాటుతుంది. ఎత్తులో, ఫస్టు గేర్లో, సామానుతో ఇవన్నీ తగ్గుతాయి, కాబట్టి ఏ బండైనా క్యాన్‌లో కొంత పెట్టుకోవాలి.

ఏ బండి కొనాలని ఒక తమ్ముడు చీటీ పంపాడు. పై లెక్కలోనే సగం జవాబు ఉంది. హిమాలయన్ 450 మంచి బండి, కానీ 196 కిలోలు. ఇసుకలో పడితే నువ్వొక్కడివే లేపగలవా? ఆఫ్‌రోడింగ్ నేర్చుకునే రోజుల్లో బండి రోజుకి పదిసార్లు పడుతుంది, అది తప్పు కాదు, నేర్చుకోవడం అలాగే ఉంటుంది. తేలిక బండి మీద నేర్చుకో. ఇప్పుడు ఇంట్లో ఉన్న బండితో మొదలుపెట్టు, నాన్నగారి చేత అప్పు చేయించి మూడు లక్షల బండి కొనిపించకు. ఆ డబ్బులో పదో వంతుతో మంచి హెల్మెట్, మోకాలి గార్డులు, చీలమండ దాటే బూట్లు, గ్లౌజులు వస్తాయి. మన దగ్గర చెప్పులతో బండి నడపడం అలవాటు. బండి మీద పడినప్పుడు మొదట నలిగేది చీలమండే. హెల్మెట్‌కి ఐఎస్ఐ గుర్తు ఉండాలి, 2021 జూన్ నుంచి అది లేని హెల్మెట్ అమ్మడమే చట్టవిరుద్ధం. పట్టీ పెట్టుకోకపోతే తలమీద ఉన్నా లేనట్టే.

అమ్మాయిలకి సాధ్యమా అని ఇంకో చీటీ ఉంది. ఐశ్వర్య పిస్సే పేరు ఇందాకే చెప్పాను. ఇంకెంత దూరం ఎందుకు, మలికిపురం నుంచి రాజోలు దాకా వానలో స్కూటీ మీద ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని గుంతలు తప్పించుకుంటూ వెళ్లే అమ్మల్ని చూడండి. వాళ్లకి బ్యాలెన్స్ ఎవరూ నేర్పక్కర్లేదు. కావలసింది ఇంట్లో వాళ్లు ఒక ఆదివారం బండి ఇచ్చి పంపడం.

ఆఖరుగా ఇన్సూరెన్స్, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండికి థర్డ్ పార్టీ (మన వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చే) ఇన్సూరెన్స్ ఐదేళ్లకి ఒకేసారి తీసుకోవాలి. కాగితం మీద ఐదేళ్లు చూసి అంతా ఉందనుకుంటారు. కానీ మన బండికి నష్టం జరిగితే ఇచ్చే ఓన్ డ్యామేజ్ చాలామందికి ఒక్క ఏడాదికే ఉంటుంది, తర్వాత మనమే కట్టుకోవాలి. ఇవాళ ఇంటికి వెళ్లి ఆ కాగితం తీసి తేదీ చూడండి. లైసెన్సు రాని పిల్లలకి మాత్రం బండి ఇవ్వొద్దు, పుంతలో అయినా సరే.

వచ్చే నెల మొదటి ఆదివారం ముక్తేశ్వరం రేవు దగ్గర ఉదయం ఆరింటికి కలుద్దాం. కోటిపల్లి దాటి ద్రాక్షారామం, యానాం చుట్టివద్దాం. బండి ఏదైనా ఫర్వాలేదు, ఎక్సెల్ అయినా రావచ్చు. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, హెల్మెట్, బూట్లు ఉండాలి. టైర్లలో గాలి చూసే మీటరు నేను తెస్తాను. నీళ్ల సీసా ఎవరిది వాళ్లు తెచ్చుకోండి.